ఆరు క్రిస్మస్‌లు, ఒక సూది

మా అమ్మకి పైవరస పళ్లు కట్టుడువి. ముందుగా ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను ఈ సూది థర్మామీటరు కొన్నదే వాటివల్ల.

2018లో, తిత్లీ తుపాను మా పర్లాకిమిడినీ చుట్టుపక్కల కొండ ఊళ్లనీ అల్లకల్లోలం చేసిన ఏడాది, క్రిస్మస్‌కి మొదటిసారి టర్కీ బ్రెస్టు ఓవెన్‌లో పెట్టాను. పాతపట్నం అవతల ఒకాయన టర్కీలు పెంచుతాడు. ఆయన దగ్గర ఏడు కిలోల కోడిని తీసుకుని అక్కడే కోయించి, కాళ్లూ రెక్కలూ పులుసుకి పక్కన పెట్టించాను. ఎముకతో ఉన్న రొమ్ముభాగం రెండు కిలోలు తూగింది. దాన్ని రెండున్నర గంటలు కాల్చాను. పైన పైనాపిల్ పాకం నిగనిగలాడుతోంది. పిల్లలు ఫొటోలు కూడా తీసుకున్నారు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా పళ్లు తీసేసింది. "బాగుందిరా, కొబ్బరి పీచు లాగుంది గానీ" అంది. పండగ పూట ఆవిడ పులుసన్నంతో సరిపెట్టుకుంది.

ఆ "గానీ" నన్ను ఏడాదంతా తినేసింది. 2019 డిసెంబరులో పదకొండు వందలు పెట్టి సూది థర్మామీటరు తెప్పించాను. మాంసంలో గుచ్చే సూది, దానికి మీటరు పొడవు స్టీలు అల్లిక తీగ, తీగ చివర గట్టు మీద పెట్టుకునే చిన్న డబ్బా. ఓవెన్ తలుపు ఆ తీగ మీదే మూసుకుంటుంది. మిగతా వివరాలు అట్టపెట్టె మీద ఉంటాయి, చదువుకోండి.

ఇందులో నాకు ప్రాణం లాంటిది ఒక్కటే. తలుపు తెరవక్కర్లేదు. అంతకుముందు పది నిమిషాలకోసారి తలుపు తీసి, చాకు గుచ్చి, కారిన రసం రంగు చూసి, మళ్లీ మూసేవాణ్ని. తీసిన ప్రతిసారీ వేడంతా వంటింట్లోకి వచ్చేసేది, గుచ్చిన ప్రతిచోటా రసం కారిపోయేది. ఇప్పుడు డబ్బా మీద అంకె చూస్తే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం ఎనిమిది డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మొదటి ఇరవై నిమిషాలు కదలదు, సూది చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. తర్వాత నిమిషానికి ఒక డిగ్రీకి కాస్త తక్కువగా ఎక్కుతూ పోతుంది. ముందే చెప్పి పెట్టిన అంకె రాగానే కీచుమని కూత పెడుతుంది. మా పక్కింటి ఒడియా మౌసీ మొదటిసారి చూసి, "కోడికి జ్వరం చూస్తున్నావా?" అని అడిగింది. ఇప్పటికీ ఆవిడకి అది జ్వరం మిషనే.

నేను రెండు కూతలు పెట్టుకుంటాను. మొదటిది అరవైకి. అది పాకం పూతకి పిలుపు. పండ్ల పాకంలో చక్కెర ఎక్కువ, ముందే పూస్తే లోపల ఉడికేలోపు పైన బొగ్గవుతుంది. మా ఓవెన్‌లో పై రాడ్డుకీ బ్రెస్టుకీ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా ఉండదు. అందుకే అరవై దాకా పైన ఫాయిల్ కప్పి ఉంచి, అప్పుడు ఫాయిల్ తీసేసి ఒక పూత, ఏడెనిమిది నిమిషాలాగి ఇంకో పూత. రెండో కూత డెబ్బైకి. అమెరికా వ్యవసాయ శాఖ కోడిజాతి మాంసానికి 74 డిగ్రీలని చెబుతుంది. నేను డెబ్బైకే ఓవెన్ బయట పెట్టి, వదులుగా ఫాయిల్ కప్పి, సూది తీయకుండా ఇరవై నిమిషాలు వదిలేస్తాను. పైనున్న వేడి లోపలికి దిగుతూ ఉంటుంది కాబట్టి అంకె తనంతట తానే డెబ్బై నాలుగుకి చేరుతుంది. చేరకపోతే మళ్లీ లోపలికే. 2019లో అమ్మ రెండు ముక్కలు తిని మూడోది అడిగింది. పళ్లు పళ్లలాగే ఉన్నాయి. ఆ రోజు అటు టెక్కలి నుంచి ఇటు గుణుపురం దాకా ఉన్న చుట్టాలందరికీ ఈ సూది కొనుక్కోమని ఫోన్లు చేశాను. అందులో సగం మందికి ఓవెనే లేదు.

పాకం సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆషాఢంలో సీతంపేట పైనాపిల్ కొండ దిగుతుంది. అప్పుడే నాలుగు కాయలు తురిమి, బెల్లం, అల్లం, నాలుగు ఎండుమిరపకాయలు వేసి దగ్గరగా ఉడికించి సీసాలో పెడితే డిసెంబరుకి నిక్షేపంలా ఉంటుంది. పూసే ముందు కొంచెం వెనిగర్‌తో పలచన చేస్తాను. 2020లో తెలివి ఎక్కువై, ఉడికించకుండా పచ్చి పైనాపిల్ రసంలో బ్రెస్టుని రాత్రంతా నానబెట్టాను. పచ్చి పైనాపిల్‌లో మాంసాన్ని కరిగించే ఎంజైము ఉంటుంది, ఉడికిస్తే అది చచ్చిపోతుంది. పొద్దున్న చూస్తే పైపొర నానిన అటుకుల్లా వేలికి అంటుకుంటోంది. సూదిది తప్పేం లేదు, అది పాపం సరిగ్గానే కూసింది. ఇప్పుడు నానబెట్టడం ఉప్పునీళ్లలోనే. లీటరుకి అరవై గ్రాములు, ఫ్రిజ్‌లో ఒక రాత్రి.

ఇక 2022.

ఆ ఏడు మా ఇంట్లో పదహారు మంది. చిన్నాన్న వాళ్లు, కొరాపుట్ నుంచి చెల్లి, బావ, పిల్లలు. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం పాకం సీసా తీస్తే గట్టిపడి ఉంది. గిన్నెలో వేసి కరిగిస్తూ, ఎంత వేడెక్కిందో చూద్దామని సూదిని పాకంలో ముంచాను. అంతవరకూ ఫరవాలేదు. బెల్లం అంటుకుంది కదా అని తర్వాత సూదినీ, సూది మొదట్లో తీగ కలిసే చోటునీ కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. దాంతో వచ్చిన కాగితం మీద కడగొద్దు, తడిగుడ్డతో తుడవండి అని రాసి ఉంది. నేను చదివాను కూడా. చదివి మూడేళ్లయింది.

క్రిస్మస్ రోజు అందరూ చర్చికి వెళ్లారు. నేను తెల్లవారుజాము ప్రార్థనకి వెళ్లొచ్చానన్న ధైర్యంతో పెద్ద ఆరాధన ఎగ్గొట్టి వంటింట్లో ఉండిపోయాను. పదిన్నరకి బ్రెస్టు లోపల పెట్టాను. సూదిని పక్కనుంచి, లావుగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చాను. అన్నీ ఎప్పటిలాగే. ఆ ఏడు అంకె మొదటి ఇరవై నిమిషాలు ఆగలేదు. అరగంటకే అరవై కూత వచ్చేసింది. నాకు కంగారు పుట్టాల్సింది, సంబరం పుట్టింది. ఓవెన్ ఈసారి బాగా వేడెక్కినట్టుందే అనుకున్నాను. ఫాయిల్ తీస్తే చర్మం తెల్లగా, చెమ్మగా ఉంది. కొవ్వు కరిగిన చప్పుడు లేదు, వీధిలోకి వెళ్లాల్సిన వాసన వంటింట్లోనే లేదు. ఇన్ని కనబడుతున్నా నా కళ్లు డబ్బా మీదే ఉన్నాయి. గబగబా పాకం పూశాను. నలభై నిమిషాలకి డెబ్బై. తీసేశాను. కప్పి పెట్టాను. డెబ్బై నాలుగు అయింది, దాటింది కూడా. నా అంత మొనగాడు లేడనుకుని స్నానానికి వెళ్లాను.

ఒంటిగంటకి అందరూ వచ్చి కూర్చున్నారు. టేబుల్ మధ్యలో పెట్టి, కత్తి పదునుపెట్టి మరీ కోశాను. మొదటి రెండు ముక్కలు పైవి కాబట్టి తెల్లగా వచ్చాయి. మూడోది కోసేసరికి లోపల గులాబీ రంగులో, అద్దంలా మెరుస్తూ పచ్చి మాంసం. ఎముక దగ్గర వేలు పెడితే చల్లగా తగిలింది. ఎవరూ మాట్లాడలేదు. చిన్నాన్న మాత్రం ముందుకి వంగి చూసి, "ఏట్రా ఇది, ఇంకా కూసీలాగుంది" అన్నాడు. డబ్బా మీద అంకె ఇంకా డెబ్బై ఆరు చూపిస్తోంది.

మళ్లీ ఓవెన్‌లో పెడితే ఇంకో గంట. పదహారు మందిని పులుసుతో అంతసేపు ఆపలేను. చెల్లే లేచింది. "అన్నియ్యా, బాణలి ఎక్కడుంది?" అంది. బ్రెస్టు మొత్తం వేలెడు మందాన ముక్కలు కోసి, పెద్ద బాణలిలో పరిచి, మిగిలిన పాకమంతా పోసి, గ్లాసుడు నీళ్లు, మూత. పదిహేను నిమిషాలు సన్నని సెగ. ఒక ముక్క మధ్యకి విరిచి చూసి, ఇంకాస్సేపు ఉంచి దించింది. అమ్మ నాలుగు ముక్కలు తింది. నాలుగూ, మళ్లీ చెబుతున్నాను. పాకం లోపలిదాకా పట్టింది, మెత్తగా ఉంది, ఇన్నాళ్లూ ఇలా ఎందుకు చేయలేదు అని నన్నే అడిగింది. ఆ మాటకి నేను ఇంకా కోలుకోలేదు.

అసలు జరిగింది ఏమిటంటే, సూదికీ తీగకీ మధ్య అతుకులోంచి నీళ్లు లోపలికి దిగాయి. ఈ రకం సూదుల్లో లోపల ఉండేది వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గే చిన్న పూస. ఆ అడ్డు ఎంతుందో కొలిచి డబ్బా డిగ్రీలు చెబుతుంది. చెమ్మ చేరితే కరెంటుకి ఇంకో దారి దొరికి అడ్డు తగ్గుతుంది. డబ్బాకి ఆ తేడా తెలియదు, వేడెక్కిందనుకుంటుంది. అందుకే ఎక్కువ చూపించింది. అమ్మకానికి పెట్టినవాళ్లకి రాస్తే, గడువు తీరిపోయింది, కొత్తది కొనుక్కోమని మర్యాదగా జవాబిచ్చారు. కోపంతో సూదిని మేడ మీద ఎండలో పడేశాను. మూడు రోజుల తర్వాత ఊరికే గ్లాసు నిండా దంచిన ఐసు, కొంచెం నీళ్లు పోసి అందులో పెట్టాను. సున్నా చూపించింది. మరుగుతున్న నీళ్లలో పెట్టాను. తొంభై తొమ్మిది, వంద మధ్య ఊగింది. బతికింది. అప్పట్నుంచి ప్రతి ఇరవై నాలుగో తేదీ ఈ రెండు పరీక్షలూ అయ్యాకే బ్రెస్టు ఉప్పునీళ్లలోకి దిగుతుంది. పరీక్షకి కూడా కొస మాత్రమే ముంచుతాను, అతుకు తడవనివ్వను.

కాబట్టి 2019లో ఫోన్లు చేసి "కళ్లు మూసుకుని నమ్మండి" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. కళ్లు తెరిచే నమ్మాలి. ముక్కు కూడా. పైగా ఇది మాంసం లోపలి వేడి ఒక్కటే చెబుతుంది. పాకం మాడుతుంటే చెప్పదు, ఉప్పు చాలకపోతే చెప్పదు. సూది ఎముకకి ఆనితే ఆ అంకెని నమ్మలేం. తీగని మడిచి డ్రాయర్‌లో కుక్కితే అల్లిక చిట్లుతుంది, నాది రెండు చోట్ల చిట్లింది. బ్యాటరీ మూత 2021లోనే ఊడిపోయింది, రబ్బరు బ్యాండు వేసి నడిపిస్తున్నాను. కూత మరీ సన్నం. వీధిలో మైకులో క్రిస్మస్ పాటలు మోగుతుంటే వినబడనే వినబడదు, డబ్బాని చొక్కా జేబులో పెట్టుకోవడానికి తీగ పొడవు చాలదు.

మీరు కొనాలా? ఏడాదికోసారైనా పెద్ద ముక్క ఓవెన్‌లో కాల్చే ఇల్లయితే, నమలలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, నేనైతే కొంటాను. నాటుకోడి పులుసుకీ వేపుడుకీ దీంతో పనిలేదు. టర్కీ దొరకనివాళ్లు పెద్ద కోడి బ్రెస్టుకి వాడొచ్చు గానీ అది త్వరగా ఉడికిపోతుంది, అంకె చూస్తూ కూర్చునే సరదా ఉండదు. మా ఇంట్లో కూడా 2023 నుంచి సగం బ్రెస్టే ఓవెన్‌లో కాలుతోంది. మిగతా సగం అమ్మ హుకుం మీద బాణలికి పోతోంది. అక్కడ సూదికి చోటు లేదు.

తీగ ఈ ఏడాది దాటుతుందన్న నమ్మకం లేదు. విడిగా తీగ అమ్మరు, మొత్తం సెట్టే కొనాలి. నా ఫోన్ల ధాటికి చెల్లి కూడా అప్పట్లో ఇదే కొని, మూల పడేసింది. పోయిన దీపావళికి అడిగితే, "పాడైపోయిందన్నియ్యా, మరిగే నీళ్లలో పెడితే తొంభై ఏడే చూపిస్తోంది, కావాలంటే పట్టుకుపో" అంది. ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కొరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు, సుమారు మూడొందల మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అక్కడ తొంభై ఏడే సరైన లెక్క, నీ సూది బంగారంలా ఉంది అని పూసగుచ్చినట్టు వివరించాను. వారం తిరక్కుండా దాంతో కేకు కాల్చి ఫొటో పంపించింది. ఇప్పుడు అడిగితే ఇవ్వనంటోంది.