ఒక్క రోజే ఉంటే ఆక్స్‌ఫర్డా, కేంబ్రిడ్జా?

సెలవులకు అనంతపురం వచ్చి నాలుగు రోజులైంది. ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో పిన్ని కొడుకు మొదలుపెట్టాడు. వాడికి లండన్‌లో సీటొచ్చింది, జనవరిలో ప్రయాణం. "అన్నా, నువ్వు రెండూ చూసినావు కదా. ఒక్క రోజే దొరికితే ఆక్స్‌ఫర్డ్ పోవల్లనా, కేంబ్రిడ్జ్ పోవల్లనా?" అప్పటికి నోటికొచ్చింది చెప్పేశాను. కానీ చదువు, పార్ట్ టైమ్ పని పోగా మిగిలే ఒక్క సెలవు ఎంత విలువైందో నాకు తెలుసు. అందుకే కాస్త ఆలోచించి ఇది రాస్తున్నా.

దూరంలో పెద్ద తేడా లేదు. రెండింటికీ రైల్లో గంట అటూ ఇటూ. మనం హిందూపురం పోయొచ్చినట్టే. ఆక్స్‌ఫర్డ్‌కు పాడింగ్టన్‌లో ఎక్కాలి, కేంబ్రిడ్జ్‌కు కింగ్స్ క్రాస్‌లో. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఆక్స్‌ఫర్డ్ నయం, విక్టోరియా నుంచి బస్సులున్నాయి. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రెండు గంటలు దాటుతుంది, అంతే. రైలుకైతే 16-25 రైల్‌కార్డ్ అని కుర్రవాళ్లకిచ్చే తగ్గింపు కార్డు తీసుకుంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. ముగ్గురు కలిసి రద్దీ లేని వేళల్లో వెళ్తే కార్డు లేకపోయినా గ్రూప్ తగ్గింపు దొరుకుతుంది. దిగాక మాత్రం కేంబ్రిడ్జ్ స్టేషన్ నుంచి ఊళ్లోకి ఇరవై నిమిషాలు నడవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో అందులో సగం చాలు.

వయసులో ఆక్స్‌ఫర్డ్ పెద్దది. 1096 నాటికే అక్కడ పాఠాలు జరిగేవి. 1209లో ఊరివాళ్లతో గొడవ పడి కొందరు పండితులు అక్కడి నుంచి పారిపోయి కేంబ్రిడ్జ్‌లో తేలారు. అన్నదమ్ములు గొడవపడి వేరు కాపురం పెట్టినట్టు మొదలైన యూనివర్సిటీ అది!

అనంతపురం వాడిగా నా మొగ్గు ఆక్స్‌ఫర్డ్ వైపు ఉండాలి. 1916లో మొదలైన మన ఆర్ట్స్ కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. ఆ గర్వంతోనే దిగాను. తీరా చూస్తే ఊరంతా గోడలు! తేనెరంగు రాతి గోడలు, మూసిన చెక్క తలుపులు, లోపల ఎక్కడో పచ్చిక. ఫొటోల్లో అందరూ చూసే గుండ్రటి గోపురం, రాడ్‌క్లిఫ్ కెమెరా, నిజానికి చదువుకునే గది. గైడ్ టూర్ టికెట్ లేకపోతే లోపలికి వదలరు. చుట్టూ రెండుసార్లు తిరిగి, గుడి తలుపులు మూశాక వచ్చినవాడిలా ప్రదక్షిణ చేసి వచ్చేశాను. క్రైస్ట్ చర్చ్ అనే కాలేజీకి టికెట్ బాగానే గుంజుతారు. అయితే సాయంత్రం అక్కడి కెథీడ్రల్‌లో జరిగే ప్రార్థనకు డబ్బు అడగరు. పాట వింటూ కూర్చున్న చోటు నుంచే లోపల చూడొచ్చు.

ఆక్స్‌ఫర్డ్ అసలు బలం మ్యూజియంలు. ఆష్మోలియన్‌కు టికెట్ లేదు. అలాగే ఇంకోటి, నేచురల్ హిస్టరీ మ్యూజియం. అందులో అంతరించిపోయిన డోడో పక్షి తల ఉంది. దాని వెనకే పిట్ రివర్స్, ప్రపంచంలోని సామానంతా ఒకే అటకమీద కుక్కినట్టు ఉంటుంది. ఈ మూడింటికే రోజు సరిపోతుంది.

కేంబ్రిడ్జ్ అట్లా కాదు. కాలేజీల వీపంతా నదివైపే. లోపలికి పోకపోయినా కామ్ నది పక్కన నడిస్తే సగం ఊరు కనిపిస్తుంది. ఇది నాకు తప్పనిసరై తెలిసింది. నేను వెళ్లింది మే నెలలో. ఒక కాలేజీ గేటు దగ్గర బోర్డు: పరీక్షలు, సందర్శకులకు ప్రవేశం లేదు. పక్క కాలేజీలోనూ అదే కథ. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చాలాచోట్ల ఇంతేనట, ముందే చూసుకోవాల్సింది. సరేలెమ్మని గట్టున కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నా. ఎదురుగా కింగ్స్ చాపెల్, అంటే కింగ్స్ కాలేజీ వాళ్ల ప్రార్థనా మందిరం. 1446లో మొదలుపెట్టి 1515కు ముగించారు. దాని కప్పు విసనకర్రలు విప్పినట్టు ఉంటుంది. అది మాత్రం లోపలికి వెళ్లి చూడాల్సిందే.

తర్వాత స్నేహితులతో పడవ తీసుకున్నా. వెనక నిలబడి పొడవాటి కర్రతో నది అడుగును పొడుస్తూ నడపాలి. మూడో పోటుకే నా కర్ర బురదలో దిగబడింది. పడవ ముందుకు, కర్ర వెనక్కి, మధ్యలో నేను. వదిలేశాను కాబట్టి బతికిపోయాను. పక్క పడవాయన కర్ర పీకి చేతికిచ్చాడు.

ట్రినిటీ కాలేజీ గేటు పక్కన న్యూటన్ ఇంటి చెట్టు నుంచి అంటు కట్టి పెంచిన ఆపిల్ చెట్టుంది. జనమంతా దాంతో సెల్ఫీలు. నాకు మాత్రం 1914లో ఆ కాలేజీకి వచ్చి, మాంసం ముట్టకుండా తన వంట తానే వండుకున్న రామానుజన్ గుర్తొచ్చాడు. ఆయన చివరి ఏడాది లెక్కల కాగితాలు 1976లో బయటపడింది ట్రినిటీ వారి రెన్ లైబ్రరీలోనే. అక్కడ టికెట్ ఉండదు కానీ తెరిచేది కొద్దిసేపే, వేళలు చూసుకుని వెళ్లాలి.

ఒక్క రోజే అయితే నా ఓటు కేంబ్రిడ్జ్‌కే. అయితే ఎండ ఉండాలి. చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది, నది దగ్గర చేసేదేమీ ఉండదు. అప్పుడు వెచ్చగా మ్యూజియంలు ఉన్న ఆక్స్‌ఫర్డే మేలు. మావాడు దిగేది జనవరిలో కాబట్టి ముందు అక్కడికే పొమ్మన్నా. ఏప్రిల్ మొదట్లో కేంబ్రిడ్జ్‌కు నేనే తీసుకుపోతానని పిన్నికి మాటిచ్చాను. కర్ర మాత్రం వాడే పట్టాలి.