మ్యాగ్నెటిక్ లాక్‌కు కీ స్విచ్: కొన్నేళ్లు వాడాక నా మాట

అశోక్‌నగర్‌లో మాది చిన్న స్టడీ హాల్. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ రోజూ మూసేశాక మా దగ్గరికి వచ్చే గ్రూప్స్ అభ్యర్థులే ఎక్కువ. రాత్రంతా ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి మెయిన్ డోర్‌కు మామూలు తాళం పెట్టి లాభం లేదు. గాజు తలుపు, పైన మ్యాగ్నెటిక్ లాక్, పక్కన థంబ్ మెషిన్. ఆ మెషిన్ మొండికేసిన రోజు బయటి నుంచి తలుపు తెరవడానికి గోడకు ఒక కీ స్విచ్. నేను రాస్తున్నది ఈ చివరి వస్తువు గురించే. అరచేతిలో పట్టే స్టీల్ పలక, మధ్యలో చెవి పెట్టే రంధ్రం, వెనక వైర్లు బిగించే మూడు పాయింట్లు. ట్రూప్ బజార్‌లో కొన్ని వందలకు దొరుకుతుంది.

వస్తువు మంచిదే, మళ్లీ కొంటాను. కాకపోతే దీన్ని తాళం అనుకుని కొంటే మాత్రం నిరాశ తప్పదు. ఇది స్విచ్. చెవి తిప్పితే లోపల గడియ ఏదీ కదలదు. కరెంటు తెగుతుంది లేదా కలుస్తుంది, అంతే. దీని మంచీ చెడూ మొత్తం అక్కడే ఉంది.

మ్యాగ్నెటిక్ లాక్‌కు కరెంటు ఉన్నంతసేపే బలం. మాది 280 కిలోల బలంతో పట్టి ఉంచే రకం, 12 వోల్టుల మీద దాదాపు అర ఆంపియర్ తీసుకుంటుంది. ఆ కరెంటు తెగిన మరుక్షణం తలుపు వదిలేస్తుంది. కాబట్టి లాక్‌కు వెళ్లే ప్లస్ వైరు కీ స్విచ్‌లోని కామ్ (ఉమ్మడి పాయింట్), ఎన్‌సీ (చెవి తిప్పనంతసేపు కామ్‌తో కలిసే ఉండేది) పాయింట్ల మీదుగా పోవాలి. మాకు మొదట బిగించినాయన అలా చేయలేదు. థంబ్ మెషిన్‌లో ఎగ్జిట్ బటన్ కోసం ఉండే రెండు పాయింట్లకు దీన్ని కలిపేసి వెళ్లిపోయాడు. అలా చేస్తే వైరు తక్కువ పడుతుంది, పని తొందరగా తెముల్తుంది. మెషిన్ బాగున్నంతకాలం ఎలా కలిపినా తలుపు తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒక ఎండాకాలం మెషిన్ హ్యాంగ్ అయింది. "చెవి తిరుగుతుంది గని తలుపు వస్తలేదు సార్" అని తెల్లవారుజామున వాచ్‌మన్ ఫోన్. మెషిన్ చెడిపోతే అక్కరకు రావాలని పెట్టుకున్నది ఆ మెషిన్ మీదే ఆధారపడి ఉంటే ఇంకెందుకది? అదృష్టం కొద్దీ లోపలి పచ్చ ఎమర్జెన్సీ బాక్స్ మాత్రం నేరుగా లాక్ లైన్లోనే ఉంది. లోపలున్న కుర్రాడు దాన్ని నొక్కి తలుపు తీశాడు. ఆ వారమే వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కీ స్విచ్‌ను కూడా లాక్ లైన్లోకి మార్పించాను. తర్వాత మెషిన్ మళ్లీ హ్యాంగ్ అయింది గానీ ఫోన్ రాలేదు.

మీ దగ్గర ఎలా కలిపారో తెలుసుకోవడం తేలికే. లాక్‌కు కరెంటు ఉంచి, థంబ్ మెషిన్‌కు వెళ్లే కరెంటు ఒక్కటే తీయించి చెవి తిప్పి చూడండి. తలుపు రాకపోతే బిగించినవాళ్లను వెనక్కి పిలవండి. డబ్బు చేతికిచ్చే ముందే చూసుకుంటే ఇంకా మంచిది.

230 వోల్టుల వైపు ఈ స్విచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. అది అస్సలు వద్దు. బ్యాటరీ ఉన్న పవర్ సప్లైలో మెయిన్ కరెంటు తీసేస్తే బ్యాటరీ వెంటనే అందుకుంటుంది, లాక్ పట్టు వదలదు. పైగా వానకు తడిసే బయటి గోడ మీద, స్టీల్ పలక వెనక 230 వోల్టులేంటండీ!

కొనేటప్పుడు షాపువాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. చెవి వదిలేస్తే దానంతటదే వెనక్కి రావాలా, తిప్పిన చోటే ఉండాలా? స్ప్రింగ్ ఉన్నది మొదటి రకం, లేనిది రెండోది. బయటి తలుపుకు స్ప్రింగ్ రకమే సరి. తిప్పి పట్టుకున్నంతసేపే తలుపు వదులుతుంది, చెయ్యి తీస్తే మళ్లీ లాక్ పడుతుంది. మేం తిప్పిన చోటే ఉండే రకాన్ని కూడా కొన్నాళ్లు వాడాం, ఉదయం శుభ్రం చేసే ఆవిడ బకెట్లు మోసుకుని తిరిగేటప్పుడు తలుపు తెరిచి ఉంచడానికి. అందులో ఇంకో మెలిక ఉంది. కొన్నిటిలో రెండు వైపులా చెవి బయటికి వస్తుంది, కొన్నిటిలో లాక్ పడిన వైపే వస్తుంది. రెండు వైపులా వచ్చేది కొంటే తలుపు తెరిచిన స్థితిలోనే చెవి జేబులో వేసుకుని ఎవరో వెళ్లిపోతారు. గాజు తలుపు మూసే ఉన్నట్టు కనిపిస్తుంది, తోస్తే వస్తుంది. లాక్ పడితే తప్ప చెవి రాని రకమైతే ఆ టెన్షన్ లేదు.

మా దగ్గర ఫీజుల డబ్బు, రిజిస్టర్లు పెట్టే చిన్న గది ఒకటుంది. దానికి ఎలక్ట్రిక్ స్ట్రైక్, అంటే తలుపు గడియను ఫ్రేమ్ వైపు నుంచి పట్టి ఉంచి కరెంటుతో వదిలే పట్టీ. ఇది మ్యాగ్నెటిక్ లాక్‌కు పూర్తిగా తిరగబడిన కథ. కరెంటు ఇస్తేనే తెరుచుకుంటుంది, కరెంటు పోతే మూసే ఉంటుంది. ఇలాంటి తలుపుకు కీ స్విచ్ పెట్టి "ఇక తాళం ఉంది కదా" అని ధీమాగా ఉంటే, బ్యాటరీ కూడా దిగిపోయిన రోజు చెవిని ఎన్నిసార్లు తిప్పినా ఫలితం ఉండదు. పవర్ లేనప్పుడు స్విచ్ ఏం కలుపుతుంది? అందుకే ఆ తలుపుకు మామూలు మెకానికల్ తాళం కూడా ఉంచాను. మెయిన్ డోర్ విషయంలో ఆ భయం లేదు. బ్యాటరీ దిగితే అదే తెరుచుకుంటుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ లెక్క ప్రకారం ఒక్క లాక్‌ను పద్నాలుగు గంటలు మోయాలి. మెషిన్ కూడా దానిమీదే ఉంటే, బ్యాటరీ పాతబడితే, అందులో సగం కూడా నమ్మకండి.

చెవుల సంగతి కాస్త నిరాశే. చవక రకాల్లో చెవి నంబర్లు కొన్నే తిరుగుతుంటాయి. మా స్విచ్ చెవితో అదే షాపులో ఇంకో డబ్బాలోని స్విచ్ హాయిగా తిరిగింది! అప్పటి నుంచి రెండు మూడు డబ్బాలు తెరిపించి, చెవి మీద నంబర్లు వేరుగా ఉన్నాయో లేదో చూసి, ఒకదాని చెవి ఇంకోదానిలో పెట్టి తిప్పి చూశాకే కొంటున్నాను. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. గొట్టంలా ఉండే గుండ్రటి చెవి రకం కొంచెం నయం. రోడ్డు పక్కన చెవులు చేసేవాళ్ల దగ్గర చాలావరకు దానికి డూప్లికేట్ దొరకదు. అది మంచిదే గానీ, మీ రెండు చెవులూ పోతే మీకూ దొరకదు. ఇంకొకటి, చెవితో ఎవరు తెరిచారన్నది ఎక్కడా నమోదు కాదు. రెండు జతల కాంటాక్టులున్న స్విచ్ తీసుకుంటే ఒక జత లాక్ కరెంటును తెంపుతుంది, రెండోది రాకపోకలు నమోదు చేసే కంట్రోలర్‌కు కబురు పెడుతుంది. దానివల్ల ఎప్పుడు తెరిచారో మాత్రం తెలుస్తుంది.

అసలు భద్రత చెవిలో లేదు, పలకను బిగించిన స్క్రూల్లో ఉంది. స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఊడొచ్చే పలక అయితే దాన్ని తీసి వెనక వైరు కత్తిరిస్తే చాలు, మ్యాగ్నెటిక్ లాక్ తెరుచుకుంటుంది. చెవి అవసరమే లేదు. మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగని స్క్రూలు వేయించాను, స్విచ్‌ను సీసీ కెమెరా చూపు పడే చోటికి జరిపించాను. లోపల చిన్న రిలే (కరెంటుతో నడిచే స్విచ్) పెట్టి, బయటి స్విచ్ ఆ రిలేను మాత్రమే నడిపేలా చేస్తే వైరు కత్తిరించినా తలుపు రాదు. కానీ రెండు వైర్లు కలిపితే వస్తుంది. పైగా ఆ రిలే కూడా చెడిపోగల వస్తువే. మా స్టడీ హాల్‌కు కెమెరా చాలనిపించింది.

వానలకు పలక పైనా, రెండు పక్కలా సిలికాన్ పూయించి కింద మాత్రం వదిలేశాను, చేరిన నీళ్లు కారిపోవాలి కదా. అశోక్‌నగర్ దుమ్ముకు చెవి బిగుసుకోవడం మామూలే. వాచ్‌మన్ కొబ్బరినూనె పోయబోతే అతని చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. నూనె దుమ్మును పోగేస్తుంది. తాళాలకు వేసే గ్రాఫైట్ పొడి కూడా ఇక్కడ వద్దు, దానిలోంచి కరెంటు పారుతుంది, వెనకే కాంటాక్టులున్నాయి. పొడిగా ఆరిపోయే టెఫ్లాన్ స్ప్రే కొద్దిగా కొడితే చాలు.

డబ్బు గది స్విచ్ కాంటాక్టులు ఒకసారి నల్లబడి పని మానేశాయి. స్ట్రైక్ కాయిల్‌లో కరెంటు తెగినప్పుడల్లా ఎదురు వోల్టేజీ పుట్టి అక్కడ నిప్పురవ్వ వస్తుంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒక్క వైపే పోనిచ్చే చిన్న భాగం), గీత ఉన్న వైపు ప్లస్‌కు, పెట్టించాక మళ్లీ నల్లబడలేదు. రూపాయల్లో పోయే పని. మ్యాగ్నెటిక్ లాక్‌కు మాత్రం డయోడ్ పెడితే తలుపు వదలడం కొంచెం ఆలస్యమవుతుంది. దానికి ఎంఓవీ (వోల్టేజీ ఎగిసినప్పుడు అణిచే చిన్న భాగం) వాడాలి, చాలా లాకుల్లో లోపలే ఉంటుంది.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయాక, పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు తలుపు గురించి అడగడం మొదలుపెట్టారు. అడగాల్సిందే. లోపలి నుంచి బయటికి రావడానికి చెవి అవసరం పడే ఏర్పాటు ఎంత మంచి కంపెనీది అయినా పెట్టకూడదు. కీ స్విచ్ బయటి గోడకే. లోపల ఎగ్జిట్ బటన్, నేరుగా లాక్ కరెంటు తెంపే పచ్చ బాక్స్, ఫైర్ అలారం ఉంటే దాని రిలే కూడా అదే లైన్లో ఉండాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో తెరవబోయే బ్రాంచికి యూరో సిలిండర్ (తలుపు తాళాల్లో చెవి పెట్టే, విడిగా ఊడదీయగల భాగం) పట్టే రకం తీసుకున్నాను. ఖరీదు ఎక్కువే, కానీ చెవి పోతే సిలిండర్ ఒక్కటే మార్చొచ్చు, వైర్లు ముట్టుకోనక్కర్లేదు. పలక వెనక లోతు మాత్రం బాగా కావాలి. మేం కొన్నది మామూలు స్విచ్ బోర్డు డబ్బాలో పట్టలేదు, కాబట్టి గోడ కొట్టించే ముందే కొలత తీసుకోండి.