ఆఫీసు తరలింపు సేవ: సామాను భద్రంగా చేరింది, ఉద్యోగుల మాటే దారిలో తప్పిపోయింది

సోమాజిగూడలోని మా కార్యాలయాన్ని గత ఏడాది నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మార్చుకున్నాం. చిన్నా పెద్దా కంపెనీలకు జమాఖర్చులు, జీఎస్టీ రిటర్నులు చూసిపెట్టే సంస్థ మాది. ఉద్యోగులు 118 మంది. పరిపాలన విభాగంలో ఉన్నందువల్ల తరలింపు బాధ్యత నా మీద పడింది. ఆఫీసులు మార్చడమే వృత్తిగా పెట్టుకున్న ఒక నగర సంస్థకు ఆ పని అప్పగించాం. బిల్లులో ఒక పద్దు మీద మా మధ్య పేచీ ఇంకా తెగలేదు కనుక ఆ సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లిచ్చిన కొటేషన్‌లో రెండు భాగాలున్నాయి: మొదటిది సామాను తరలింపు, రెండోది ‘ఉద్యోగుల భాగస్వామ్య కార్యక్రమం’. రెండోదాని ఖరీదు మొదటిదానిలో దాదాపు మూడో వంతు.

మొదటి భాగానికి వంక పెట్టలేను. ప్రతి ఉద్యోగికీ మూతలున్న రెండు ప్లాస్టిక్ క్రేట్లు ఇచ్చి, సీటు నంబరు రాసిన రంగు స్టిక్కర్లు అంటించి, అవే నంబర్లను కొత్త భవనంలోని బల్లలకు ముందుగానే అతికించారు. కంప్యూటర్ విప్పే ముందు కుర్రవాడొకడు దాని వెనుక భాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, తీగలన్నిటినీ ఒక జిప్ కవరులో వేసి, ఆ కవరును మానిటర్ స్టాండుకే టేపుతో చుట్టడం నేను దగ్గరుండి చూశాను. శుక్రవారం సాయంత్రం మొదలైన పని ఆదివారం రాత్రికి ముగిసింది. సోమవారం ఉదయం మొరాయించినవి మూడే కంప్యూటర్లు, వాటిలో రెండింటికి ప్లగ్గు సరిగా పెట్టకపోవడమే కారణం. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ప్రధాన వ్యాపార స్థలం చిరునామా మారితే 15 రోజుల్లోగా దరఖాస్తు చేయాలని ఊళ్లో అందరికీ చెప్పే మేము, మా సొంత రిజిస్ట్రేషన్ సంగతి వాళ్ల చెక్‌లిస్టు చూశాకే గుర్తుచేసుకున్నాం. దీపం కింద చీకటి అంటే ఇదే.

రెండో భాగం గురించే ఎక్కువగా చెప్పాలి. భాగస్వామ్యం పేరిట వాళ్లు మొదట చేసింది ఆన్‌లైన్ ఫారం పంపడం. అందులో ఇరవై నాలుగు ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులోనే. కొత్త కార్యాలయానికి వెళ్తున్నందుకు మీకు ఉత్సాహం పదికి ఎంత, మీటింగ్ గదులకు నదుల పేర్లు పెడదామా, కోటల పేర్లు పెడదామా అన్న ధోరణిలో సాగింది. ఎలా వస్తారు, ఏ వేళకు రాగలరు, ఇంటికి చేరేసరికి ఎంత పొద్దుపోతుంది అన్నవాటి ఊసే లేదు. పైగా ఆ ఫారం ఆఫీసు మెయిల్ ఉన్నవారికి మాత్రమే వెళ్లింది. అటెండర్లు, భద్రతా సిబ్బంది, ఊడ్చి తుడిచే అమ్మలు కాంట్రాక్టు మీద పనిచేసేవారు కనుక లెక్కలోకి రాలేదు. ఏ బీరువా తాళం ఎవరి దగ్గరుందో, ఏ బల్ల కాలు విరిగిందో తెలిసినది వాళ్లకే.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ కాగితాలు పంచి, తోచింది తెలుగులోనే రాయమన్నాను. ఎల్.బి.నగర్ నుంచి వచ్చేవారికి అంతవరకు ఒకే మెట్రో రైలు సరిపోయేది. ఇకపై అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వెళ్లే రైలు పట్టుకోవాలి. ఉప్పల్ వారికి దీనికి తలకిందులు: రైలు మారే బాధ తప్పింది. అయితే రాయదుర్గంతో ఆ లైను ఆగిపోతుంది కాబట్టి, అక్కడి నుంచి షేర్ ఆటో కోసం ఇరువర్గాలూ నిలబడక తప్పదు. ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే ఈ సంగతి బయటపడేది కాదు. ఎన్నిచోట్ల దిగి ఎక్కుతారు అని అడగాలి. ఆ కాగితాల పుణ్యమా అని రాయదుర్గం స్టేషన్ నుంచి ఉదయం, సాయంత్రం చిన్న బస్సు ఒకటి పెట్టించగలిగాం. చిన్నపిల్లల తల్లులు తొమ్మిదిమంది శిశు సంరక్షణ గది గురించి రాశారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట అది ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. పాత ఆఫీసు పక్క వీధిలోని కేంద్రంతో మాకు ఒప్పందం ఉండేది. కొత్తచోట దాని సంగతి నేనుగానీ, ఆ సంస్థగానీ అప్పటిదాకా తలపెట్టలేదు.

ఆఫీసు మారేటప్పుడు ఉద్యోగులు ముందు చూసుకునేది రాకపోకలు, ఇల్లు, పిల్లల సంగతేనన్నది తెలుగువారికి తెలియని విషయం కాదు. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలినప్పుడు వారానికి ఐదు రోజుల పని, 30 శాతం ఇంటి అద్దె భత్యం, తరలివెళ్లిన కుటుంబాల పిల్లలకు స్థానికత వంటి వాటి చుట్టూనే చర్చ నడిచింది. ఉద్యోగుల సంఘాలు పట్టుబట్టిన అంశాలవి. కుర్చీల రంగు గురించి ఎవరూ పట్టుబట్టినట్టు నాకు గుర్తు లేదు.

తేదీ విషయంలో జరిగింది మరీ తమాషా. ఆ సంస్థ నిర్ణయించిన శని, ఆదివారాలు ఆషాఢంలో పడ్డాయి. సగంమంది ముఖాలు ముడుచుకున్నారు. శ్రావణం దాకా ఆగితే పాత భవనానికి మరో నెల అద్దె కట్టాలి. సంస్థ ప్రతినిధి ‘మార్పు పట్ల ప్రతిఘటన’ అనే శీర్షికతో పది స్లైడ్లు చూపించాడు. అకౌంట్స్ విభాగంలోని సీనియర్ గుమాస్తా ఒకాయన అవన్నీ ఓపికగా చూసి, “జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసి పాలు పొంగించేద్దామండీ, ఆ తరవాత సామాను ఎప్పుడు వచ్చినా ఇబ్బంది లేదు” అన్నారు. కొత్త భవనంలో మంట వెలిగించకూడదన్న నిబంధన ఉంది కనుక ఇండక్షన్ పొయ్యి మీదే పాలు పొంగించాం. గిన్నె అంచు దాటి పొంగగానే పొయ్యి దానంతటదే ఆగిపోయింది. ఎలాగూ పొంగాయి కదా అని అందరూ ఊరటపడ్డారు.

ఆ సంస్థ తరఫున నిజమైన భాగస్వామ్యం ఒక్కచోట మాత్రం కనిపించింది, అదీ కార్యక్రమంలో రాసుకోని చోట. రికార్డు గదిలో ఏవి పారేయవచ్చో అట్టల మీది సంవత్సరాన్ని బట్టి తేల్చేస్తామన్నారు. రికార్డుల బాధ్యత చూసే మా ఉద్యోగి అడ్డుపడ్డాడు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీలోనైతే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కపెట్టాలి. అప్పీలు నడుస్తున్నవాటిని ఆ గడువు దాటినా తాకకూడదు. అట్ట మీద ఇవేవీ ఉండవు. వాళ్ల సూపర్‌వైజరు ఆయనతో వాదించకుండా ఇద్దరు కూలీలను నాలుగు రోజులపాటు ఆయనకే అప్పగించి, ఆయన చెప్పినట్టు చేయమన్నాడు. కేసులున్న కట్టలకు ఎర్రదారం కట్టి ముందుగా ఎక్కించారు. ఒక్క కాగితం పోలేదు. ఆ సూపర్‌వైజరుకు వాళ్ల కార్యక్రమం గురించి తెలుసో లేదో నాకు అనుమానమే.

సీట్ల ఏర్పాటు దగ్గర అసలు గుట్టు బయటపడింది. ఒక్కో విభాగం నుంచి ఒక్కో ప్రతినిధిని పిలిచి తొలి సమావేశం పెట్టారు. గోడ మీద ప్లాను అప్పటికే రంగుల్లో అచ్చయి వేలాడుతోంది. అకౌంట్స్ వాళ్లు ఒక అంతస్తులో, జీఎస్టీ వాళ్లు మరో అంతస్తులో. రోజంతా ఒకే ఫైలును చేతులు మార్చుకునేది ఆ రెండు విభాగాలే. ప్రతినిధులు ఆ మాట అంటే, “మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం” అన్న జవాబు వచ్చింది. మరో రెండు సమావేశాలు, ఒక పెద్ద గొడవ అయ్యాక ప్లాను మారింది.

ఇలాంటి సేవ తీసుకోదలచినవారు కొటేషన్‌లోని మొదటి భాగాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. రెండోదానికి బదులు రెండు దస్తాల తెల్లకాగితం కొని, అటెండర్లతో సహా అందరికీ పంచి, సీట్ల ప్లాను గీయకముందే వాటిని చదవండి. మా పేచీ ఏమిటంటే, తుది బిల్లులో ‘ఉద్యోగుల సూచనల మేరకు ప్లాను సవరణ’ అనే పద్దు కింద అదనపు మొత్తం వేశారు. సూచనలు సేకరించినందుకు అప్పటికే ఒకసారి డబ్బు పుచ్చుకున్నారు కదా అని రాశాను. మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామని జవాబు వచ్చింది.