లిబ్రెఎలెక్‌తో కొన్నేళ్లు: శబ్దం ఎక్కడ ఆగుతుంది, ఎలా తిరిగి వస్తుంది

పర్లాకిమిడిలోని మా ఇంట్లో టీవీకి తగిలించిన రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు (ఇకమీద ‘పై’ అంటే ఇదే) మీద లిబ్రెఎలెక్‌ను కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాం. కోడి అనే మీడియా ప్లేయరును నడపడానికి ఎంత కావాలో అంతవరకే లినక్స్‌ను కుదించి తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. 2016లో ఓపెన్‌ఎలెక్ నుంచి విడివడి మొదలైంది. బొమ్మ విషయంలో దీనిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బంది పెట్టినప్పుడల్లా పెట్టింది శబ్దమే, అందుకే ఈ సమీక్షను దానికే కేటాయిస్తున్నాను. ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది: శబ్దం రానప్పుడు తప్పు సాధారణంగా లినక్స్‌లో ఉండదు, ప్లేయరు, టీవీ, యాంప్లిఫయరు ఒకదాని శక్తి ఒకటి సరిగా తెలుసుకోలేకపోవడంలో ఉంటుంది.

మా అమరిక ఇది. ‘పై’ నుంచి హెచ్‌డీఎంఐ తీగ టీవీకి వెళుతుంది. టీవీ నుంచి ఆప్టికల్ తీగ పాత 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు) యాంప్లిఫయరుకు వెళుతుంది. హార్డ్‌డిస్కులో మా తెలుగు డీవీడీల నుంచి దాచుకున్న సినిమాలు, పిల్లలు చూసే ఒడియా కార్యక్రమాలు ఉంటాయి.

ఈ ప్రాంతంలో మొదట చెప్పుకోవలసింది కరెంటు గురించి. గాలివాన వస్తే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. తిరిగి రాగానే పై దానంతటదే ఆన్ అవుతుంది, మా టీవీ మాత్రం రిమోటు నొక్కేవరకు స్టాండ్‌బైలోనే ఉంటుంది. తాను ఏ రిజల్యూషన్లు చూపగలదో, ఏ రకం శబ్దాన్ని స్వీకరించగలదో టీవీ ఈడీఐడీ అనే చిన్న సమాచార పట్టిక ద్వారా హెచ్‌డీఎంఐ తీగ మీదుగా ప్లేయరుకు తెలియజేయాలి. పై మేలుకునే సమయానికి ఆ పట్టిక అందకపోతే, అటువైపు శబ్దం అందుకునేవారు ఉన్నట్టే దానికి తెలియదు. ఆ తరువాత టీవీ ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు; కోడి సెట్టింగ్స్‌లోని ఆడియో పరికరాల జాబితా తెరిస్తే హెచ్‌డీఎంఐ పేరే ఉండదు. టీవీ ఆన్‌లో ఉండగా పైని రీబూట్ చేస్తే శబ్దం వస్తుంది కాబట్టి చాలామంది అక్కడితో సరిపెట్టుకుంటారు. కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు ఆ పని ఎవరు చేస్తారు?

దీనికి శాశ్వతమైన పరిష్కారం లిబ్రెఎలెక్‌లోనే ఉంది. టీవీ ఆన్‌లో ఉండి, శబ్దం బాగా వస్తున్న సమయంలో మరో కంప్యూటరు నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా ఆదేశాలు ఇచ్చే పద్ధతి) ద్వారా లాగిన్ అయి ‘గెట్‌ఎడిడ్ క్రియేట్’ (getedid create) అనే ఆదేశం ఇచ్చి రీబూట్ చేయాలి. అది టీవీ ఇచ్చిన పట్టికను ఒక ఫైలుగా భద్రపరచి, ఇకపై ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ఆ ఫైలునే చదివేటట్టు ఏర్పాటు చేస్తుంది. టీవీ ముందు లేచినా పై ముందు లేచినా ఇక తేడా ఉండదు. పై 4కు రెండు మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నాయి. పవర్ తీగ పక్కనున్నదే మొదటిది, రోజూ వాడేది అదే అయి ఉండాలి. టీవీ మార్చినప్పుడు పాత పట్టికను తీసేసి కొత్తది తయారుచేసుకోవాలి. ఈ ఒక్క పని చేశాక మా ఇంట్లో శబ్దం గురించిన ఫిర్యాదులు చాలావరకు ఆగిపోయాయి.

రెండో సమస్య ఇంతకంటె సూక్ష్మమైనది. ఒడియా కార్యక్రమం చక్కగా వినిపిస్తుంది. అదే కూర్చోవడంలో తెలుగు సినిమా పెడితే మౌనం. తీగలు అవే, టీవీ అదే. అటువంటప్పుడు శబ్దం ఏ రూపంలో ఉందో చూడాలి. సినిమా ఆడుతుండగా కీబోర్డు మీద ఇంగ్లీషు ‘O’ అక్షరం మీట నొక్కితే కోడి ఆ వివరాలను తెరమీద చూపుతుంది. ఏఏసీ, డీటీఎస్ అనేవి శబ్దాన్ని కుదించి దాచే రూపాలు. మా ఒడియా కార్యక్రమాలు రెండు చానళ్ల ఏఏసీ; మౌనం పాటించిన సినిమాలన్నీ డీటీఎస్. కోడిలో పాస్‌త్రూ అనే అమరిక ఆన్‌లో ఉన్నప్పుడు మనం ‘మా పరికరం అందుకోగలదు’ అని టిక్కు పెట్టిన రూపాలను కోడి విప్పకుండా (డీకోడ్ చేయకుండా) యథాతథంగా పంపేస్తుంది. మధ్యలో ఉన్న టీవీకి డీటీఎస్ విప్పడం రాదు, ఆప్టికల్ వైపు దాటించడమూ రాదు. యాంప్లిఫయరు డబ్బా మీద డీటీఎస్ ముద్ర ఉన్నా, అది టీవీని దాటి రాకపోతే ప్రయోజనం లేదు.

ఇక్కడ ఆప్టికల్ తీగ పరిమితి కూడా తెలిసి ఉండాలి. అది రెండు చానళ్ల పీసీఎం (కుదించని) శబ్దాన్ని గాని, డాల్బీ డిజిటల్ లాంటి కుదించిన 5.1 శబ్దాన్ని గాని మోయగలదు. విప్పిన ఆరు చానళ్లను మోయలేదు. అందువల్ల కోడిలో సెట్టింగ్స్ స్థాయిని ఎక్స్‌పర్ట్‌కు మార్చి, చానళ్ల సంఖ్యను 2.0గా ఉంచి, పాస్‌త్రూలో డాల్బీ డిజిటల్ ఒక్కదానికే టిక్కు ఉంచి, డీటీఎస్‌కు తీసేసి, కింద కనిపించే డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్‌ను ఆన్ చేయాలి. ఐదు స్పీకర్లు పెట్టుకుని 2.0 ఎంచుకోవడం విడ్డూరంగా తోస్తుంది గాని, ఆ అంకె తీగ మోయగల పీసీఎం చానళ్లది, గదిలోని స్పీకర్లది కాదు. ఇకనుంచి డీటీఎస్ వచ్చినప్పుడు కోడి దాన్ని తానే విప్పి, డాల్బీ డిజిటల్‌గా మళ్లీ కుదించి పంపుతుంది. పై 4కు ఇది భారమైన పని కాదు. వెనక స్పీకర్లలోంచి వాన చప్పుడు విడిగా వినిపించినప్పుడు ఈ శ్రమంతా సార్థకమనిపిస్తుంది.

ఏ మెట్టు దగ్గర శబ్దం ఆగిందో తేల్చుకోవడానికి నేను నమ్ముకున్న సాధనం ఒకటుంది. లినక్స్ కెర్నెల్‌లో ధ్వనిని చూసే భాగం పేరు ఆల్సా. సినిమా ఆడుతుండగా ప్రాక్ ఫోల్డరులోని ఎసౌండ్ (/proc/asound) కింద ఆ సౌండ్ కార్డుకు సంబంధించిన హెచ్‌డబ్ల్యూ పారామ్స్ (hw_params) అనే ఫైలును తెరిచి చూస్తాను. అందులో క్లోజ్‌డ్ అన్న ఒక్క మాటే ఉంటే కోడి ఆ దారిని అసలు తెరవలేదన్నమాట, అప్పుడు సెట్టింగ్స్‌లో ఎంచుకున్న పరికరాన్ని సరిచూడాలి. 48000 అన్న రేటు, చానళ్ల సంఖ్య కనిపిస్తుంటే పై తన వంతు పని చేసింది; ఇక టీవీ మెనూలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను, తీగను, యాంప్లిఫయరు ఇన్‌పుట్‌ను చూడాలి.

ఈ ఫైలు గుణుపురంలో మా బావగారి ఇంట్లో కూడా అక్కరకు వచ్చింది. ఆయన పాత కంప్యూటరు మీద డెబియన్ అనే లినక్స్ వేసి కోడి నడుపుతారు. అక్కడ దారి తెరిచే ఉంది, రేటు కనిపిస్తూనే ఉంది, శబ్దం మాత్రం లేదు. ఆల్సా ధ్వని స్థాయిలు చూపే ఆల్సామిక్సర్ తెరిస్తే ఎస్‌పీడీఐఎఫ్ (డిజిటల్ ఆడియో అవుట్‌పుట్) గడి కింద రెండు ఎమ్‌లు ఉన్నాయి, అంటే మ్యూట్. ఎమ్ మీట నొక్కగానే మోగింది.

చిన్న లోపాలకు మందులు కోడిలోనే ఉన్నాయి. పాట మొదలైనప్పుడు మొదటి అక్షరం వినపడకుండా పోతుంటే, ఆడియో పరికరాన్ని నిద్రపోనివ్వకుండా ఉంచే అమరికను ‘ఎల్లప్పుడూ’కు మార్చాలి. టీవీ సొంత స్పీకర్లతో వినేవారికి పాటలు హోరెత్తి మాటలు వినపడకపోతే, డౌన్‌మిక్స్‌లో (ఎక్కువ చానళ్లను రెండుగా కలిపేటప్పుడు) అసలు ధ్వని స్థాయిని నిలిపి ఉంచే అమరికను ప్రయత్నించాలి. పెదవుల కదలికకు మాట కలవకపోతే ఆడియో ఆఫ్‌సెట్‌ను సరిచేసి, దాన్నే అన్ని వీడియోలకు వర్తింపజేయవచ్చు.

అప్‌డేట్ల విషయంలో ఒక హెచ్చరిక. 2021లో వచ్చిన లిబ్రెఎలెక్ 10తో పై 4కు కొత్త డ్రైవరు వచ్చింది, దానితో పాటు ఆడియో పరికరాల పేర్లూ మారాయి. పాత పేరు సెట్టింగ్స్‌లో అలాగే మిగిలిపోయినవారికి శబ్దం పోయింది, కొత్త పేరు ఎంచుకోగానే తిరిగి వచ్చింది. పెద్ద అప్‌డేట్ వేసిన ప్రతిసారీ ముందుగా చూడవలసింది సెట్టింగ్స్‌లో ఆడియో పరికరం పేరున్న ఆ వరుసనే.

పాస్‌త్రూలో కోడి వాల్యూమ్ పని చేయదన్నది నాకు ఇప్పటికీ నచ్చని విషయం. విప్పని శబ్దాన్ని తగ్గించడం, పెంచడం దాని చేతిలో లేదు కాబట్టి యాంప్లిఫయరు రిమోటు విడిగా ఉంచుకోక తప్పదు. రెండు రిమోట్లు మా అత్తయ్యగారికి చిరాకు; ఆవిడ ఒక్కరే చూసే మధ్యాహ్నాల కోసం పాస్‌త్రూ లేని మరో ప్రొఫైల్ పెట్టి ఇచ్చాను, అందులో ఒక్క రిమోటుతో అన్నీ నడుస్తాయి. టీవీ స్పీకర్లతోనే సరిపెట్టుకునేవారికి లిబ్రెఎలెక్‌ను సంకోచం లేకుండా సూచిస్తాను. పాత యాంప్లిఫయరును జతచేయాలనుకునేవారు మాత్రం కొనే ముందే తమ టీవీ ఆప్టికల్ దారిలో ఏయే శబ్ద రూపాలను బయటికి పంపుతుందో దాని పుస్తకంలో చూసుకోవాలి.