సమ్మె రోజు తెరిచి ఉన్న ఉగ్గాని కొట్టు

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర సందులో ఉందీ కొట్టు. 2025 జూలై 9న, 4 లేబర్ కోడ్‌లు రద్దు చేయాలని కేంద్ర కార్మిక సంఘాలు సార్వత్రిక సమ్మెకు పిలుపునిచ్చిన రోజు వెళ్లాను. చెక్కు వేద్దామని బ్యాంకుకు వస్తే కౌంటర్లలో ఎవరూ లేరు. అంతకుముందు షేర్ ఆటో అతను మామూలు ఛార్జీకి రెట్టింపు తీసుకుని, ముందు ఎర్రజెండాల ఊరేగింపు ఉందని మధ్యలోనే దింపేశాడు.

కొట్టు షట్టర్ సగం దించి ఉంది, వంగి లోపలికి పోవాలి. ఉగ్గాని మాత్రం బ్రహ్మాండం! బొరుగులు నానబెట్టి గట్టిగా పిండారు, ముద్ద కట్టలేదు. పైన పుట్నాల పొడి ధారాళంగా చల్లి నిమ్మకాయ పిండారు. బజ్జీ మిరపకాయల్లో గింజలు తీయరు, కారం తినలేనివాళ్లు జాగ్రత్త (నాకైతే అదే ఇష్టం).

"నిదానంగా తినన్నా, ఊరేగింపు పోయినాక షట్టర్ ఎత్తుతా" అన్నాడు ఓనరు. ఆరోజు పార్సిల్ లేదు, కవర్లు తెచ్చే బండి రాలేదట. నీళ్ల గ్లాసులు జిడ్డుగా ఉన్నాయి, ఒక స్టార్ దానికే తగ్గించా. ధర మాత్రం పైసా పెంచలేదు.