ఫ్రెండ్‌షిప్‌లో చెకుముకి తుపాకుల పోటీలు, గుడారాల బస

1933లో ఏర్పడిన అమెరికా జాతీయ మజిల్ లోడింగ్ (గొట్టం మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించే) రైఫిల్ సంఘం ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరిలో, వాల్టర్ క్లైన్ పేరిట ఉన్న తన మైదానంలో జరిపే పోటీలకు వెళ్ళేవారికి గురి కంటే ఓపిక ఎక్కువ అవసరం. ప్రతి గుండుకూ నల్లని తుపాకీమందును కొలిచి గొట్టంలో పోసి, నూనె పట్టించిన గుడ్డముక్కతో సీసపు గుండును కడ్డీతో అడుగుదాకా దట్టించి, చెకుముకిరాయి నిప్పురవ్వతో పేలే చెకుముకి తుపాకీ అయితే గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలో మరికాస్త మెత్తని మందు వేసి, అప్పుడు గురి చూడాలి. పళ్ళెంలో మెరుపుకూ గుండు వెలువడటానికీ నడుమనున్న లిప్తపాటులో చేయి చలించకుండా నిలపడమే అసలు విద్య. పేలకపోతే తుపాకీ మూతిని లక్ష్యం వైపే ఉంచి వేచి ఉండాలి. ఈ క్రమశిక్షణే నాకు అన్నిటికన్నా నచ్చింది.

1825 నుంచి 1840 వరకు రాకీ పర్వతాల జంతువుల బొచ్చుతోళ్ళ వర్తకులు దాదాపు ఏటా జరుపుకొన్న కలయికలను తలపించేలా, మైదానంలోని పాతకాలపు శిబిరంలో కాన్వాసు గుడారాలు, ఆనాటి దుస్తులు, కట్టెల వంట కనిపిస్తాయి. నైలాను గుడారం తెచ్చుకొనేవారు ఆధునిక శిబిరానికే పరిమితం కావాలి; ఇది సమంజసమే. సెప్టెంబరు రాత్రులకు కంబళి, తుపాకుల మోత నుంచి చెవులకు రక్షణ తప్పనిసరి. తెల్లచొక్కా మాత్రం వద్దు, గంధకపు పొగ వాసన ఒక్క ఉతుకుకు వదలదు.