మెనిస్కస్ చిరిగితే కుట్టించడం మేలా, కత్తిరించడం మేలా?

భీమవరం, తణుకు, అమలాపురం వైపు బాస్కెట్‌బాల్, కబడ్డీ ఆడే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఒకటే. "మాస్టారూ, ఎమ్మారై తీయించాం. మెనిస్కస్ చిరిగిందట. కుట్టించమంటారా, తీసేయించమంటారా?" మెనిస్కస్ అంటే మోకాలి కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు. ఏ చికిత్స కుదురుతుందో తేల్చాల్సింది వైద్యుడే. ఆయనే "రెండూ కుదురుతాయి, ఆలోచించుకుని రండి" అని పంపిన వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. తెల్లవారుజామున ఫోనులో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) మ్యాచులు చూసే కుర్రాళ్లకు ఇందులోని పేర్లన్నీ పరిచయమే.

అసలు ఎంచుకునే వీలుందా లేదా అన్నది చిరుగు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మెనిస్కస్ బయటి అంచుకు రక్తం అందుతుంది కాబట్టి అక్కడ కుట్టు అతుకుతుంది. లోపలి అంచు మన కాలువల కింద శివారు భూమి లాంటిది, అంతవరకూ ఏమీ చేరదు. అక్కడ చిరిగితే సాధారణంగా కత్తిరించడమే దారి.

కత్తిరింపు వైపు ఉన్న ఆకర్షణ వేగం. నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ ఆడవచ్చు. ఎన్‌బీఏలో పోర్ట్‌లాండ్ జట్టు ఆటగాడు బ్రాండన్ రాయ్ 2010 ఏప్రిల్‌లో చిరిగిన మెనిస్కస్‌కు కీహోల్ (చిన్న రంధ్రం గుండా కెమెరాతో చేసే) శస్త్రచికిత్స చేయించుకుని, ఎనిమిది రోజులకే ఫీనిక్స్ జట్టు మీద ప్లేఆఫ్ (టైటిల్ కోసం సీజన్ చివర జరిగే) మ్యాచ్ ఆడాడు. ఆ రోజు చప్పట్లు కొట్టనివారు లేరు. 2011 జనవరిలో రెండు మోకాళ్లకూ మళ్లీ శస్త్రచికిత్స. ఆ ఏడాది డిసెంబరులో రిటైర్మెంట్ ప్రకటించేనాటికి అతని వయసు 27. అంతకుముందు కూడా ఆ మోకాళ్లకు శస్త్రచికిత్సలు జరిగాయి కాబట్టి నేరమంతా ఆ ఎనిమిది రోజుల మీద మోపలేం. మేటి ఆటగాళ్లతో ఏటా ఆడించే ఆల్‌స్టార్ మ్యాచుకు మూడుసార్లు ఎంపికైనవాడి మోకాళ్లలో గుజ్జు మిగల్లేదన్నది మాత్రం నిజం.

దీనికి ఎదురు ఉదాహరణ అదే లీగులో ఆడిన డ్వేన్ వేడ్. కాలేజీలో ఉండగా 2002లోనే మెనిస్కస్ తీయించుకున్నాడు. ఆ తర్వాత మూడు టైటిళ్లు గెలిచి, 2019 దాకా ఆడాడు. అయితే 2013-14లో మోకాళ్లను కాపాడుకోవడానికి సీజన్‌లోని 82 మ్యాచుల్లో 54 మాత్రమే ఆడాడు. అంతటి ఆటగాడు కాబట్టి జట్టు ఓపిక పట్టింది. మన జిల్లా జట్టులో అంత ఓపిక ఎవరు పడతారు?

కుట్టించుకుంటే నాలుగు నుంచి ఆరు నెలలు పోతాయి. కొన్ని వారాలు చంకకర్రలు, నెలల తరబడి గొంతుకూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు. పాతకాలం మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. కుట్టు విఫలమై మళ్లీ శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం కూడా ఈ వైపే ఎక్కువ. ఎన్‌బీఏ ఆటగాడు రసెల్ వెస్ట్‌బ్రూక్ 2013 ఏప్రిల్‌లో కుట్టించుకుంటే, ఆ ఏడాదే అదే మోకాలికి మరో రెండుసార్లు కీహోల్ చేయాల్సివచ్చింది. కానీ 2017లో అతనే ఎంవీపీ, అంటే లీగులో ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు. అదే ఏడాది 20.5 కోట్ల డాలర్ల అయిదేళ్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. అదే లీగులోని డెరిక్ రోజ్ రెండు దారులూ చూశాడు. 2013 నవంబరులో కుట్టించుకుని ఆ సీజనంతా వదులుకున్నాడు. 2015లో అదే మెనిస్కస్ మళ్లీ చిరిగితే ఈసారి కత్తిరించారు, ఆరు వారాల్లోపే మళ్లీ ఆటలో ఉన్నాడు.

నా దృష్టిలో తూకం మొగ్గేది ఆ ఆరు నెలల ఖర్చు ఎవరు భరిస్తారన్న దగ్గరే. ఎన్‌బీఏలో పెద్ద ఒప్పందాలకు హామీ ఉంటుంది, మంచం మీదున్నా జీతం వస్తుంది. కుట్టించుకునే స్తోమత ఆ హామీతోనే వస్తుంది. ఆ హామీ నియమంగా రానివాడి సంగతి డెహువాన్ బ్లెయిర్‌లో చూడవచ్చు. రెండు మోకాళ్లలోనూ ఏసీఎల్ (మోకాలిని కట్టి ఉంచే ముఖ్యమైన స్నాయువు) లేదని తెలిసి జట్లు భయపడ్డాయి, 2009 డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, 37వ స్థానానికి, రెండో రౌండుకు జారిపోయాడు. మొదటి రౌండు వాళ్లకు నియమం ప్రకారం దక్కే హామీ రెండో రౌండులో ఉండదు. తీరా తొలి సీజన్‌లో 82 మ్యాచులూ ఆడాడు. అయినా మోకాలి నివేదిక చదివి కట్టిన ధర ఒకసారి పడిపోయాక ఆటతో దాన్ని తిరిగి పెంచుకోవడం చాలా కష్టం.

మన కుర్రాడికి జీతమిచ్చే జట్టు లేదు. సంక్రాంతి కబడ్డీ బహుమతి, విశ్వవిద్యాలయ పోటీలు, రైల్వేలో క్రీడాకోటా ఉద్యోగం, వీటి తేదీలు చూసే ఇంట్లోవాళ్లు కత్తిరింపు వైపు తొందరపడతారు. నేను మాత్రం ఇరవై రెండేళ్లలోపు వాళ్లకు, కుట్టే వీలుంటే, ఒక సంవత్సరం పోయినా కుట్టించమనే చెబుతాను. కత్తిరించిన గుజ్జు మళ్లీ పెరగదు, ఆ మోకాలికి కీళ్ల అరుగుదల ముందే వస్తుంది. ముప్పై దాటి, ఆదివారాలు సరదాకు ఆడే ఉద్యోగికైతే కత్తిరింపు చాలు, వాదన అక్కరలేదు.

మెనిస్కస్ మార్పిడి, అంటే దాత నుంచి తీసిన మెనిస్కస్ అమర్చడం, అనేది ఇంకొకటుంది. ఎన్‌బీఏ ఆటగాడు లోంజో బాల్ చేయించుకుని 2024లో తిరిగి ఆడాడు, కానీ మధ్యలో రెండు పూర్తి సీజన్లు పోయాయి. ఇంజెక్షన్లు నొప్పికే, చిరుగుకు కాదు.

చివరి నిర్ణయం చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీదే, కెమెరాతో లోపల చూశాకే జరుగుతుంది. అందుకే "కుట్టడానికి వీలుంటే కుట్టండి, ఆరు నెలలకు సిద్ధపడే వచ్చాం" అన్న మాట ముందురోజే వైద్యుడితో చెప్పి ఉంచాలి. ఫిజియోథెరపీ ఖర్చు కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి, శస్త్రచికిత్స బిల్లులో అది కలిసి ఉండకపోవచ్చు.